‘ఫాగ్’కి సాక్షులు కావలెను

ఆ రోజు పొద్దున ఎఫ్ అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ వేళకల్లా ‘ఫాగ్’ అనే మాట పూర్తి చెయ్యాలి. భోజనం వేళకి ఎఫ్ అక్షరం కాగితాల కట్ట మొత్తం పెద్దాయన బల్ల మీద పెట్టాలి. సాయంత్రానికి పర్మినెంటు ఉద్యోగస్తురాలై ఇంటికి వెళ్ళాలి. ఆమె తాత్కాలిక ఉద్యోగం గడువు ఆ సాయంత్రంతో తీరిపోతుంది. ఎఫ్ పూర్తయితే కుర్చీ ఆమెది, కాకపోతే కుర్చీ ఖాళీ. ఇంట్లో అత్తగారు ఈ రెండో సంగతి అసలు చెవిన వేసుకోలేదు. కోడలికి పర్మినెంటయిపోయిందని వీధంతా ముందే చెప్పేసి, పర్మినెంటు కుర్చీలో వేసుకోవడానికి ఒక మెత్త కూడా కుట్టడం మొదలుపెట్టారు.

ఆ కార్యాలయంలో ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాస్తారు. పాత మేడ మీద ఒకే ఒక పొడవాటి హాలు, వీధి వైపు కిటికీలు, గోడల వెంట బీరువాలు, బీరువాల మధ్య బల్లలు. ఒక్కొక్కరికి ఒక్కొక్క అక్షరం. ఏళ్ళ తరబడి దానితోనే కాపురం చెయ్యడం వల్ల ఆ అక్షరాలే వాళ్ళకు పేర్లయి కూర్చున్నాయి. డి గారు, ఎస్ మాస్టారు, ఎం గారు, ఎఫ్ అమ్మాయి. సొంత పేర్లు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రావు.

అందరి మీదా ప్రధాన సంపాదకుడు, పెద్దాయన. ఆయన కుర్రతనంలో ఒక సముద్ర జంతువుకు నాలుగు కాళ్ళుంటాయని రాశారట. పుస్తకం అచ్చయి ఊరంతా పంచాక, దానికి కాళ్ళే లేవని తెలిసింది. అప్పట్నుంచి ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. కార్యాలయంలో ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి “నేను చూశాను” అని చెప్పందే ఏ అర్థమూ అచ్చుకు పోకూడదు. విన్నది చెల్లదు, చదివింది చెల్లదు. ఈ నియమం ధర్మమా అని డి గారు ‘డ్రిజిల్’ కోసం ఒక వానాకాలమంతా పెరట్లో నిలబడి, ఆ జలుబు ఇప్పటికీ మోస్తున్నారు. ‘ఫాల్’ కోసం అటెండరు మెట్ల మీద నుంచి పడ్డాడు. ‘డెత్’ దగ్గర మాత్రం పెద్దాయన కాస్త పట్టు సడలించారు.

“అమ్మాయ్, ఫాగ్‌కి మూడు అర్థాలు రాశావు. వెనక నుంచి వద్దాం,” అన్నారు పెద్దాయన కాగితం పైకెత్తి. “మూడోది. అద్దాలు ఆవిరి పట్టి మసకబారడం.” వేడి టీ గ్లాసు మొహం దగ్గరికి తెచ్చుకున్నారు. కళ్ళజోడు తెల్లబడింది. “చూశాను. అంటే, ఏమీ చూడలేదు. సరిపోయింది. రెండోది, బుర్ర మసకబారి ఏమీ తోచకపోవడం. దీనికెవరు సాక్షి?”

హాలంతా చేతులెత్తింది. టీ ఇవ్వడానికి వచ్చినాయన కూడా ఎత్తాడు.

“బాగుంది. ఇక మొదటిది. నేలనానుకుని దట్టంగా పట్టే పొగమంచు. దాంట్లో దగ్గరున్న మనిషి కూడా కనబడడు. ఎవరు చూశారు?”

ఒక్క చెయ్యి లేవలేదు. ఆ ఊళ్ళో చలికాలం కూడా మొక్కుబడిగా వచ్చి పోతుంది. డి గారు మాత్రం గొంతు సవరించుకున్నారు.

“నేనొకసారి రైల్లో వెళ్తుంటే పట్టిందండీ.”

“చూశారా?”

“నిద్రపోతున్నాను. మా ఆవిడ చెప్పింది.”

“విన్నది చెల్లదు,” అని పెద్దాయన కాగితం పక్కన పెట్టేశారు. “పోనీలే అమ్మాయ్. చలికాలం వచ్చేదాకా ఆగుదాం.”

ఎఫ్ అమ్మాయి కిటికీలోంచి చూస్తే బయట ఎండ పెళ్ళున కాస్తోంది.

“అవునండీ, పొగమంచు విషయంలో తొందరపడకూడదు,” అన్నారు డి గారు. ఆయనకు ఇంట్లో ఖాళీగా కూర్చున్న బావమరిది ఒకడున్నాడు. ఎఫ్ కుర్చీ మీద ఆ బావమరిది తరఫున ఆయన ఎప్పుడో కన్నేశారు.

“సార్, ఈ లోపే చూపిస్తే?” అంది ఎఫ్ అమ్మాయి.

పెద్దాయన ఆమె వంకా, ఎండ వంకా చూశారు. “చూపిస్తే అచ్చు. నేను భోంచేసి వస్తాను.”

ఆయన మెట్లు దిగీ దిగకముందే ఎఫ్ అమ్మాయి పనిలో పడింది. మొదట టీ కాచే స్టవ్ మీద నీళ్ళు మరగబెట్టింది. బల్లల మధ్యకు తెల్లగా, కాస్త దట్టంగానే వచ్చింది. అంతలో ఎస్ మాస్టారు కుర్చీలోంచి లేచారు. ఆయన మనిషి నెమ్మది. తన అక్షరం జోలికొస్తే మాత్రం ఎవర్నీ లెక్కచెయ్యరు.

“ఇది వేడిగా ఉందమ్మా. ఆవిరి. అంటే స్టీమ్. నాది.”

ఆమె స్టవ్ ఆపేసి, ఇనప బాల్చీలో తడి కాగితాలు ముట్టించింది. ఎస్ మాస్టారు అక్కడికీ వచ్చారు.

“ఇది కాలిన వాసనొస్తోంది. పొగ. అంటే స్మోక్. ఇదీ నాదే.”

“మాస్టారూ, ఎస్‌లో అన్ని మాటలున్నాయి కదా. ఒక్కటి వదిలెయ్యలేరా?”

“వదిలేస్తే ఎలా ఉంటుందో నీకు తెలీదమ్మా. ‘సైకాలజీ’ నాదే అనుకుని సగం దాకా రాశాను. పి గారు వచ్చి పట్టుకుపోయారు.” ఆ దెబ్బ ఆయనకింకా మానలేదు. కళ్ళు తుడుచుకున్నారు, అది కొంత పొగ వల్ల కూడా కావచ్చు.

“పలచగా ఉన్నా కుదరదమ్మోయ్,” అన్నారు డి గారు దూరం నుంచి. “పలచనైతే మిస్ట్ అయిపోతుంది. అది ఎం గారి సొత్తు. ఆయన సెలవులో ఉన్నారు, అడగడానిక్కూడా లేదు.”

వేడిగా ఉండకూడదు, కాలకూడదు, పలచబడకూడదు. ఎఫ్ అమ్మాయి తలపట్టుకుని కూర్చుంది. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడామెకు వెనక వీధిలో నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్టు గుర్తొచ్చింది. ఫోన్ చేసిన కాసేపటికి ఒకాయన, నాటకాల్లో మబ్బులు కమ్మించే పీపాలాంటి మిషన్ని భుజాన మోసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

“స్వర్గమా అండీ, కలా?” అన్నాడు రొప్పుతూ.

“రెండూ కాదు. ఆఫీసు.”

“ఆఫీసుకి ఎప్పుడూ వెయ్యలేదండీ. స్వర్గానికైతే మోకాళ్ళ దాకా వదుల్తాం. కలకైతే నడుం దాకా.”

“నాకు తల మునిగేదాకా కావాలి.”

“తల మునగాలంటే నరకమేనండీ. దానికి ఎర్ర లైటు కూడా ఉంటుంది, తెమ్మంటారా?”

“లైటొద్దు. చల్లగా, తెల్లగా, దట్టంగా ఉంటే చాలు.”

ఆయన ఇంకేమీ అడగకుండా నరకానికి సరిపడా మందునీళ్ళు పీపా నిండా పోసుకుని మిషన్ నడిపించాడు. పెద్దాయన భోంచేసి వచ్చేసరికి హాల్లో బల్లల కాళ్ళు కనబడటం లేదు. ఎస్ మాస్టారు వంగి వాసన చూశారు, అరచేత్తో తడిమారు. “చల్లగా ఉంది. కాలిన వాసన లేదు. నాది కాదు,” అన్నారు మనసొప్పకపోయినా.

“పలచగా ఉంది. ఇది ఎం గారిదే,” అన్నారు డి గారు.

“పెంచండి,” అంది ఎఫ్ అమ్మాయి.

మిషన్ ఆయన పిడి తిప్పాడు. ఇంకొంచెం పెంచమంది, ఇంకొంచెం తిప్పాడు. డి గారు ఇంకా పలచనే అంటున్నారు. మూతి బిగించి మరొక్కసారి గట్టిగా తిప్పేసరికి పిడి ఊడి ఆయన చేతికొచ్చింది.

“ఇదూడిందండీ.”

“ఊడితే?”

“ఇంక తగ్గదండీ. నీళ్ళయిపోతే దానంతటదే ఆగుతుంది. నరకమన్నారు కదాని నిండా పోశాను.”

“నేను నరకం అన్లేదు.”

“తల మునగాలన్నారు కదండీ.”

చూస్తూండగానే బల్లలు పోయాయి, బీరువాలు పోయాయి, ఆఖరికి మిషన్ ఆయన కూడా పోయాడు. పాల తొట్టిలో పడ్డట్టు హాలంతా ఒకటే తెలుపు. పెద్దాయన ఆనందానికి హద్దులేదు. చేతులు చాపుకుంటూ ఒక మూలకు చేరి, చేతికి తగిలిన కుర్చీలో కూర్చుని, అక్కణ్ణుంచే విచారణ మొదలుపెట్టారు.

“డి గారూ, నేను కనబడుతున్నానా?”

“లేదండీ.”

“నిజంగా?”

“ముక్కు కొస కూడా కనబడట్లేదండీ.”

“మరి నేను ఇక్కడున్నానని ఎలా చెప్తున్నారు?”

“గొంతు వినబడుతోంది కదండీ.”

“విన్నది చెల్లదు. దగ్గరున్న మనిషి కనబడడు అని రాశాం. కనబడలేదంటే సరిపోదు. ఆ మనిషి దగ్గరే ఉన్నాడని కూడా తెలియాలి. కాబట్టి, కనబడని మనిషి అక్కడ ఉండటం చూసిన సాక్షి కావాలి.”

అందరూ దీర్ఘాలోచనలో పడ్డారు. పడ్డట్టు ఎవరికీ కనబడలేదు.

ఎఫ్ అమ్మాయికి ఈ తర్కం ఎక్కలేదు. ఆమె ధ్యాసంతా కాగితాల మీద ఉంది. చెమ్మ తగిలితే సిరా పాకిపోతుంది, ఎఫ్ మొత్తం పోతుంది. తడుముకుంటూ తన బల్ల చేరి, కట్టను గుండెలకు హత్తుకుని, కొంగు కప్పి, బల్లకింద ముడుచుకుని కూర్చుంది.

ఈలోగా లోపల పట్టనిదంతా కిటికీల్లోంచి వీధిలోకి దిగడం మొదలైంది. ఎదురింటి టైలరు కుడుతున్న చొక్కా వదిలేసి అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేశాడు. గంట కొట్టుకుంటూ బండి వచ్చింది. ఆఫీసరు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి, గుమ్మంలో నిలబడి కేకేశాడు.

“లోపల ఎవరున్నారు? పొగ ఎక్కణ్ణుంచి వస్తోంది?”

పొగ అన్న మాట చెవిన పడగానే ఎస్ మాస్టారికి కొండంత ఆశ పుట్టింది. అనుభవమున్న అధికారి, ప్రభుత్వం మనిషి, తనంతట తానే అంటున్నాడు.

“పొగ నాదండీ,” అన్నారు తెలుపులోంచి.

“మీరే పెట్టారా?”

“పెట్టలేదు. నా అక్షరం.”

పొగ ఈయన తలకెక్కిందని ఆఫీసరుకు అర్థమైపోయింది. “పైపు పైకి తీసుకురండ్రా,” అని కిందికి అరిచాడు.

బల్లకింద ఎఫ్ అమ్మాయి కట్టను ఇంకా గట్టిగా హత్తుకుంది. నీళ్ళు కొడితే ఇంక దాచుకోవడానికి బల్లలూ కొంగులూ ఏం సరిపోతాయి. “మాస్టారూ,” అని పిలిచింది. “మీరు పొగంటే వాళ్ళు నీళ్ళు కొడతారు. గుమ్మానికెదురుగా ఉన్నది మీ బీరువానే. ముందు తడిసేది ఎస్.”

ఎస్ అన్నిటికన్నా పెద్ద అక్షరం. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని. ఆ బీరువా తెరిచినప్పుడల్లా ఎస్ మాస్టారు చంటిపిల్లల గదిలోకి వెళ్ళినట్టు అడుగు చప్పుడు కాకుండా వెళతారు.

“ఆఫీసరు గారూ, అది పొగ కాదండీ,” అన్నారాయన చివరికి.

“ఇప్పుడేగా పొగన్నారు?”

“పొరబడ్డాను. అది ఎఫ్‌లోకి వస్తుంది.” తడుముకుంటూ తన బీరువా వైపు నడిచారు. “నాది కాదు.”

“ఎఫ్ అంటే ఏమిటి?”

“‘ఫైర్’ కూడా ఎఫ్‌లోనే ఉందండీ,” అని డి గారు ఇంకో మూల నుంచి అడక్కపోయినా అందించారు.

“పైపు,” అన్నాడు ఆఫీసరు.

“ఫైర్ ఎప్పుడో అయిపోయిందండీ. ఇప్పుడు ఫాగ్ నడుస్తోంది,” అంది ఎఫ్ అమ్మాయి. “పొగమంచు. కావాలంటే లోపలికొచ్చి చూసుకోండి.”

ఆఫీసరు తన మనుషుల్లో ఒకణ్ణి చూసి రమ్మని పంపాడు. వాడు వెళ్ళాడు, రాలేదు. వాణ్ణి వెతకమని రెండోవాణ్ణి పంపాడు. వాడూ రాలేదు. ఇద్దర్నీ తిట్టుకుంటూ ఆఫీసరే వెళ్ళాడు. కింద బండి మీదున్నవాళ్ళు పైపు పట్టుకుని, పై నుంచి ఆజ్ఞ ఎప్పుడొస్తుందా అని మెడలు నొప్పెట్టేలా చూస్తూ నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడు అత్తగారు వచ్చారు. మెత్త కుట్టడం పూర్తయింది. వీధిలో బండినీ, మూగిన జనాన్నీ చూసి, కోడలి పర్మినెంటు సంగతి ఊరికి ఇంత బాగా తెలిసిందా అని ఆవిడ మురిసిపోయారు. “మా కోడలి ఆఫీసు,” అని దారివ్వమన్నారు. అందరూ ఇచ్చారు.

“అమ్మాయ్, ఎక్కడున్నావే?”

“ఇక్కడ, అత్తయ్యా. బల్లకింద.”

“పర్మినెంటయినవాళ్ళు బల్లకింద కూర్చుంటారా?”

“ఇంకా అవలేదు అత్తయ్యా. సాయంత్రం దాకా ఉంది.”

“అదే అవుతుందిలే,” అంటూ అత్తగారు గొంతు వచ్చిన వైపు నడిచి ఒక కుర్చీ తడిమారు. కుర్చీలో మనిషి తగిలాడు. “లేవండి బాబూ, అది మా కోడలి కుర్చీ.”

ఆ మనిషి మర్యాదగా లేచాడు. అత్తగారు మెత్త వేసి, నాలుగు మూలలూ సర్దారు. తర్వాత అనుమానమొచ్చింది.

“ఇంతకీ మీరెవరు?”

“ప్రధాన సంపాదకుణ్ణండీ.”

“కనబడకుండా ఎవరైనా చెప్తారు లెండి. అలా పక్కకు నిలబడండి.”

పెద్దాయన పక్కకు నిలబడ్డారు.

మిషన్లో నీళ్ళు సాయంత్రం అవుతుండగా అయిపోయాయి. తెలుపు నెమ్మదిగా కిటికీల్లోంచి జారిపోయింది. ఒక్కొక్క మనిషీ బయటపడ్డాడు. ఎస్ మాస్టారు తన బీరువాకు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. డి గారు గోడకున్న బట్టల కొక్కేన్ని పెద్దాయన అనుకుని, దానికి చాలాసేపట్నుంచి తన బావమరిది గుణగణాలు వివరిస్తున్నారు. వెతకడానికి వెళ్ళిన ఇద్దరూ ఒకడి చొక్కా ఒకడు పట్టుకుని, ఆఫీసరు దొరికాడనుకుంటున్నారు. ఆఫీసరు మిషన్ మీద కూర్చుని ఉన్నాడు.

“సందేహం తీరిపోయింది,” అన్నారు పెద్దాయన అత్తగారిని చూపిస్తూ. “ఈవిడ నన్ను ఎదురుగా పెట్టుకుని, నేను నేను కానన్నారు. చేత్తో తాకి మరీ అన్నారు. దగ్గరున్న మనిషి కనబడడనడానికి ఇంతకన్నా ఏం కావాలి. ఫాగ్ అచ్చుకు పోవచ్చు.”

ఎఫ్ అమ్మాయి బల్లకింద నుంచి లేచింది. మోకాళ్ళు పట్టేశాయి, కొంగు తడిసి ముద్దయింది. కట్ట మాత్రం పొడిగా ఉంది. తెచ్చి పెద్దాయన ముందు పెట్టింది. ఆయన కలం మూత తీశారు.

“ఒక్క మాటండీ,” అన్నారు డి గారు. “పూర్తి గడువు పని చేసినవాళ్ళకే పర్మినెంటు. ఈ అమ్మాయి గడువు ఈ సాయంత్రం దాకా. మధ్యాహ్నం నుంచి ఈ అమ్మాయి ఆఫీసులో ఉండగా ఎవరు చూశారు?”

అందరూ ఆమె లేచొచ్చిన బల్లకిందికి వంగి చూశారు.

“నేను గొంతు విన్నాను,” అన్నారు ఎస్ మాస్టారు.

“మేమూ విన్నాం,” అన్నాడు ఆఫీసరు.

“విన్నది చెల్లదండీ. ఇక్కడి నియమం,” అన్నారు డి గారు వినయంగా.

“డి గారూ, మిమ్మల్ని మాత్రం ఎవరు చూశారు?” అంది ఎఫ్ అమ్మాయి.

“మాది పర్మినెంటు ఉద్యోగమమ్మా. కనబడకపోయినా ఉన్నట్టే.”

కార్యాలయం నడుస్తున్నదే ఆ సూత్రం మీద. పెద్దాయన కలం మూత పెట్టేశారు. ఆయన మొహంలో నిజంగా బాధ కనబడింది. “అమ్మాయ్, నీ గడువు పూర్తయిందని నేను రాయలేను,” అన్నారు. ఎఫ్ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దుట్నుంచి అన్నీ నెగ్గి, కనబడలేదన్నదాని దగ్గర ఓడిపోవడం ఆమె తట్టుకోలేకపోయింది. డి గారు ఆ కుర్చీలో బావమరిదిని మనసులోనే కూర్చోబెట్టి, మెత్త బాగానే ఉందనుకున్నారు.

“ఏమంటున్నారే ఈయన?” అన్నారు అత్తగారు.

“నా గడువు పూర్తి కాలేదంటున్నారు, అత్తయ్యా. నేనిక ఇంటికే.”

“పూర్తి కాకపోతే ఇంటికెందుకు? పూర్తయితే కదా పంపించాల్సింది?”

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆ మాటను ముందు నుంచి చూశారు, వెనక నుంచి చూశారు. ఎక్కడా తప్పు దొరకలేదు.

“రేపొచ్చి ఆ మిగిలిన పూట పూర్తి చేస్తుంది,” అన్నారు చివరికి.

“అదెలాగండీ?” అన్నారు డి గారు కంగారుగా. “రేపొస్తే అది రేపటి రోజవుతుంది. గడువులో చివరి రోజు ఇవాళ. ఇవాళ్టిది రేపెలా పూర్తవుతుంది?”

“నిజమే. రేపు పూర్తి కాదు.”

“కాదండీ.”

“ఎల్లుండి?”

“ఎల్లుండి అసలే కాదండీ.”

“అయితే ఎప్పటికీ కాదు,” అన్నారు పెద్దాయన. డి గారికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. తానేమన్నదీ అప్పటికి గాని ఆయనకు తెలిసిరాలేదు. పెద్దాయన ఎఫ్ అమ్మాయి వైపు తిరిగారు. “పూర్తి కాలేదు కనక పర్మినెంటు చెయ్యలేను. పూర్తి కాలేదు కనక తీసెయ్యనూ లేను. ఇవాళ్టి రోజు పూర్తయ్యేదాకా వస్తూ ఉండు.”

అత్తగారు దాన్నే పర్మినెంటు అనుకుని వీధిలో ఇంకోసారి చెప్పారు. తర్వాత చాలా వానాకాలాలు గడిచాయి. డి గారు జలుబుతో సహా రిటైరయ్యారు. ఎస్ మాస్టారు ఎస్ పూర్తి చేసి, ఆ బీరువా తాళం ఇచ్చేటప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పెద్దాయన కూడా ఒక రోజు కలం మూత పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ కార్యాలయానికి ప్రధాన సంపాదకురాలు ఎఫ్ అమ్మాయే.

తాత్కాలికంగా.